పిస్సులా, ఇనుప దుమ్మా?

ఇది రాసి తీరాలని నేను పట్టుబట్టడానికి కారణం మా పై వాటాలో ఉండే అమ్మాయి. పోయిన నెల ఆమె కుక్కకు తోక మొదట్లో వెంట్రుకలు ఊడిపోయాయి. గోక్కుని గోక్కుని అక్కడ పచ్చి పుండు చేసుకుంది. "ఎన్ని సబ్బులు మార్చినా తగ్గడం లేదాంటీ. కారులో తీసుకెళ్ళి ఊరవతల ఎక్కడైనా వదిలేద్దామనుకుంటున్నాం" అంది. నేను ఆమెను కూర్చోబెట్టి, ఒక తెల్ల కాగితం తడిపి తెచ్చాను. కుక్క నడుం మీద దువ్వెన ఆడించి, రాలిన నల్లటి నలుసులను దాని మీద దులిపాను. నలుసుల చుట్టూ ఎర్రటి చెమ్మ పాకింది. "ఇవి పిస్సుల రెట్టలు, నెత్తురు తాగి గెంతే పురుగులవి. డాక్టరు చేత మందు వేయించు. ఆ మందు కంటే ముందు దాని పరుపు ఉడకబెట్టు" అన్నాను. ఎక్కడ నేర్చుకున్నారని అడిగింది. లైబ్రరీలో అన్నాను.

అది సగం నిజమే. తరవాతి వారం జగదల్‌పూర్‌ లైబ్రరీల్లో నాకు చేతనైనన్ని బీరువాలు వెతికాను. కుక్కల పెంపకం మీద ఉన్న పుస్తకాల్లో ఈ తడి కాగితం పరీక్ష ఉంది. అయితే ఇనుప రాయి దుమ్ము కురిసే ఊళ్ళో ఈ పరీక్ష తప్పుతుందని ఏ పుస్తకంలోనూ లేదు. బస్తర్ మీద పుస్తకాల్లో అడవి ఉంది, పండగలున్నాయి, గనులున్నాయి. ఆ గనుల కింద లైను క్వార్టర్లలో బతికిన మావాళ్ళ గురించి నాకు ఒక్క వాక్యం కనబడలేదు. నేను పదో తరగతితో ఆగిపోయినదాన్ని. ఆపైన చదువుకున్నదంతా లైబ్రరీల్లోనే. పుస్తకంలో లేని సంగతి ఒకటి తెలిసినప్పుడు దాన్ని పుస్తకానికి చేర్చడం చదివినవాళ్ళ పని అని నా నమ్మకం. అందుకే రాస్తున్నాను.

బైలడీలా కొండల కింద, రైలు పట్టాలు ఆఖరయ్యే ఊరు మాది. మా నాన్న గూడ్సు బళ్ళ గార్డు. కొండ మీద తవ్విన ఇనుప రాయిని వ్యాగన్లలో నింపితే, ఆ బండి చివర బ్రేకు వ్యానులో కూర్చుని సముద్రం వైపు సగం దారి దాకా తీసుకెళ్ళి, ఖాళీ బండితో తిరిగొచ్చేవాడు. అలా వెళ్ళినవాడు మూడో రోజున ఇంటికి చేరేవాడు. వచ్చేటప్పుడు విజయనగరం వైపు నుంచి ఎవరి చేతో తెప్పించిన ఎండుచేపల పొట్లం ఉండేది. గనుల ఊరి వాసన అంటే నాకు ఇప్పటికీ మూడు కలిసిన వాసన: తడిసిన ఇనుము, కుంపటిలో బొగ్గు, నిప్పుల మీద కాలే ఎండు నెత్తళ్ళు.

ఆ ఊళ్ళో తెలుపు అనేది ఉండేది కాదు. లోడింగు దగ్గర లేచిన దుమ్ము గాలివాటున మా మీద పడేది. ఆరేసిన పంచె సాయంత్రానికి ఇటుక రంగుకు తిరిగేది. కిటికీ చెక్క మీద ముదురు నీలంగా మెరిసే సన్నటి పొడి పేరుకునేది. వేలితో రాస్తే అదే ఎర్రబడేది. అమ్మ అంబలి కుండ మీద మూత తీసినప్పుడల్లా మూతను ముందు ఊదేది. అలాంటి ఊళ్ళో మాకు తెల్ల కుక్క దొరికింది. నాన్న దానికి సున్నం అని పేరు పెట్టాడు. వారం తిరక్కుండానే అది మా గోడ రంగులోకి వచ్చేసింది. పేరు మాత్రం మారలేదు.

నాకు పదకొండేళ్ళున్న వానాకాలంలో సున్నం గోక్కోవడం మొదలుపెట్టింది. మొదట ఎవరూ పట్టించుకోలేదు. తరవాత అది అన్నం మధ్యలో వదిలేసి వెనక్కి తిరిగి తోక మొదట్లో కొరుక్కునేది. రాసుకుని రాసుకుని వరండా మెట్టు అంచు నునుపు చేసింది. వెంట్రుకలు పోయిన చోట చర్మం ఎర్రగా, దళసరిగా తేలింది. అది గాయమో, దుమ్మో దూరం నుంచి ఎవరికీ తెలిసేది కాదు.

పక్క క్వార్టరులో ఉండే పిన్నికి తెలిసింది. ఆమె భర్త ఇంజను డ్రైవరు. రెండేళ్ళ కొడుకుని చంకనేసుకుని ఒకరోజు పొద్దున్నే మా వాకిట్లోకి వచ్చింది. పిల్లాడి కాళ్ళ నిండా ఎర్రటి దద్దుర్లు.

"గార్డుబావూ, సూడండి నా గుంటడి కాళ్ళు! మీ గజ్జికుక్క మా గుమ్మంలో పడుకుని ఎల్తాది. ఆడు ఆ గుమ్మంలోనే ఆడతాడు. దాన్ని లైనుకి పంపీండి."

లైనుకి పంపడం అంటే ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. ఎవరికైనా కుక్క అక్కర్లేకపోతే గార్డుకి అప్పజెప్పేవారు. గార్డు దాన్ని బ్రేకు వ్యానులో ఎక్కించుకుని, అడవి మధ్య బండి ఆగిన చిన్న స్టేషన్లో దించేసేవాడు. చంపలేదు కదా అని అందరికీ తృప్తి. తిరిగి రాలేదు కదా అని మరో తృప్తి.

"గజ్జి అయితే సూద్దాంలే. మందుంది" అన్నాడు నాన్న.

ఆ మందు కాలిన నూనె. ఇంజన్ల నుంచి, యంత్రాల నుంచి తీసేసిన నల్లటి చిక్కటి నూనె మా దగ్గర ఎంత కావాలంటే అంత దొరికేది. తలుపు కీచుమన్నా అదే, గుంజకు చెదపట్టినా అదే, కుక్కకు గజ్జి అన్నా అదే. నాన్న డబ్బాడు తెచ్చి సున్నం ఒళ్ళంతా పట్టించాడు. మరో ఊళ్ళో అయితే ఏమయ్యేదో గానీ, మా ఊళ్ళో ఆ జిడ్డు మీద ఇనుప దుమ్ము వచ్చి అంటుకుంది. మధ్యాహ్నానికి సున్నం ఒంటి మీద ఒక పెంకు కట్టింది. అది ఆ పెంకును నాకింది. సాయంత్రానికి కక్కడం మొదలుపెట్టింది. పెంకు పగిలిన చోటల్లా కింద చర్మం పచ్చిగా కనబడింది.

నేను ఏడవలేదు. కోపం వచ్చింది. నాన్న మీద కాదు, ఎవరికీ ఏమీ తెలియకపోవడం మీద.

రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో క్యారమ్ బల్ల వెనక రెండు బీరువాలుండేవి. అదే లైబ్రరీ. తాళంచెవి ఒక ముసలాయన దగ్గర ఉండేది. ఆయన ఊరు కొంటా. శబరి ఒడ్డున పుట్టాడు కాబట్టి ఆయన తెలుగు మా తెలుగులా ఉండేది కాదు. మర్నాడు బడి వదలగానే వెళ్ళాను.

"ఏంది బిడ్డా, కథల పుస్తకాలన్నీ అయిపోయినయా?"

"కుక్క జబ్బుల పుస్తకం కావాలి తాతా."

"కుక్కకు జబ్బొస్తే పుస్తకమెందుకే! కుక్క సదువుతదా?" అని నవ్వాడు గానీ, లేచి వెళ్ళి కింది అరలో చేయి పెట్టాడు. పశువుల పోషణ మీద హిందీలో ఒక పాత పుస్తకం తీశాడు. అట్ట లేదు. చివర్లో కుక్కల గురించి పద్నాలుగు పేజీలున్నాయి. "ఇంటికియ్యరాదు, అట్టలేని పుస్తకం. ఈడనే కూసోని రాసుకో" అన్నాడు. నాలుగు సాయంత్రాలు కూర్చుని ఆ పద్నాలుగు పేజీలూ నోటుబుక్కులోకి ఎక్కించాను. తెలియని హిందీ మాటలు ఆయన్నే అడిగేదాన్ని. కొన్నింటికి ఆయన కుర్చీలోంచి లేచి, ఒళ్ళు గోక్కుని చూపించి మరీ అర్థం చెప్పాడు.

నేను మొదట తెలుసుకున్నది ఇదీ. గజ్జి ఎక్కువగా చెవుల అంచులు, మోచేతులు పట్టుకుంటుంది. తోక మొదలు, నడుం వెనక భాగం దురద పెడితే ముందు పిస్సులను అనుమానించాలి. పిస్సు పేనులా పాకదు, గెంతుతుంది. కనబడకపోయినా నల్లటి నలుసుల్లాంటి రెట్ట వేస్తుంది. అది తాగిన నెత్తురే. తడి కాగితం మీద వేస్తే ఎర్రగా కరుగుతుంది.

పరుగెత్తుకుంటూ ఇంటికి వచ్చి అమ్మ ముందు, పిన్ని ముందు పరీక్ష చేశాను. దువ్వి, రాలినవి తడి కాగితం మీద వేసి వేలితో నలిపాను. ఎర్రబడింది.

"చూశారా! పిస్సులు!"

పిన్ని లోపలికెళ్ళి మా కిటికీ చెక్క మీది పొడి చిటికెడు తెచ్చి అదే కాగితం మీద వేసి నలిపింది. అదీ ఎర్రబడింది.

"అయితే మీ కిటికీకీ పిస్సులే కాబోలు" అంది. "ఒలప్పా, నీ కూతురి సదువు సూడు!"

అమ్మ కూడా నవ్వింది. నేను ఆ కాగితం మడిచి లంగా బొడ్డులో దోపుకుని మళ్ళీ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళాను. ఆ వాక్యం మళ్ళీ చదివాను. 'నలిపితే' అని పుస్తకంలో లేదు. 'కరుగుతుంది' అని ఉంది. నలపడం నా సొంత కవిత్వం.

ఇంటికొచ్చి రెండు కాగితాలు తడిపాను. ఒకదాని మీద సున్నం ఒంటి నలుసులు, రెండోదాని మీద కిటికీ పొడి. వేలు తగలనివ్వలేదు. అంబలి తాగేంత సేపు ఆగాను. కిటికీ పొడి ఎలా వేశానో అలాగే మెరుస్తూ కూర్చుంది. సున్నం ఒంటి నలుసుల్లో కొన్ని అలాగే ఉన్నాయి, అవి దుమ్ము. మిగతావాటి చుట్టూ ఎవరూ ముట్టకుండానే ఎర్రటి చెమ్మ వలయాలుగా పాకింది. ఇనుము కరగదు, నెత్తురు కరుగుతుంది. ఇది ఆ పుస్తకం రాసినాయనకు తెలియదు, ఎందుకంటే ఆయన మా ఊళ్ళో ఉండలేదు.

అమ్మ ఆ కాగితాన్ని దీపం వెలుతురుకి ఎత్తి చూసింది. లోపలికెళ్ళి శనగపిండి డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. "ముందు ఆ నూనె ఒదిలించు. సబ్బు పెట్టకు, మండుద్ది."

నాన్న మూడు వారాలు గడువిచ్చాడు. "నీ పుస్తకం సెప్పినట్టు సెయ్యి. మూడు వారాలకి తగ్గకపోతే లైనుకే. మీ పిన్ని ముందు నాకు మాటుండాలి కదా" అన్నాడు.

శనగపిండి అద్ది, గోరువెచ్చటి నీళ్ళతో రెండు రోజులకు ఆ పెంకు వదిలించాను. తరవాత రోజూ బడికి వెళ్ళే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి అమ్మ పేల దువ్వెనతో తోక నుంచి మెడ దాకా దువ్వేదాన్ని. దువ్వెనలో దొరికిన పిస్సును వెంటనే సబ్బు నీళ్ళ గిన్నెలో ముంచాలి. వేళ్ళతో నలుపుదామనుకుంటే అది అప్పటికే ఎక్కడో ఉంటుంది. అమ్మ పేల దువ్వెన కుక్కకిచ్చినందుకు క్వార్టర్ల వరసంతా నవ్వింది. ఆవిడకు నాన్న మరొకటి తెచ్చేదాకా నా తలలో పేలు నిశ్చింతగా ఉన్నాయి.

పిస్సుల్లో కుక్క మీద కనబడేవి కొద్దే. గుడ్లు రాలిపోతాయి. వాటిలోంచి వచ్చిన పురుగులు నేల పగుళ్ళలో, పడుకునే గుడ్డల్లో పెరుగుతాయి. ఆపైన గూడు కట్టుకుని వారాల తరబడి మాటు వేస్తాయి. కాబట్టి కుక్కను ఎంత కడిగినా ఇల్లు కడగకపోతే లాభం లేదు. ఇది చదివాక నేను ఇంట్లో ఎవరినీ ఊపిరి పీల్చుకోనివ్వలేదు. సున్నం పడుకునే గుడ్డలు ఉడకబెట్టించాను. వరండా పగుళ్ళలో మరిగే నీళ్ళు పోయించాను. రోజూ ఊడ్చిన చెత్తను కుంపట్లో వేయించాను. పిన్ని గుమ్మం కూడా నేనే ఊడ్చాను. ఆమె పిల్లాడు నా చీపురు పట్టుకుని వేలాడేవాడు.

"మీ అమ్మ సెప్తే ఒక గిన్ని కడగవు గానీ మా గుమ్మం ఊడుస్తన్నావేటే?" అనేది పిన్ని, తలుపు చాటు నుంచి.

"పుస్తకంలో ఉంది పిన్నీ."

"మీ పుస్తకంలో గిన్నెల సంగతి లేదేటి పాపం!"

నోటుబుక్కులో రోజూ దువ్వెనకు దొరికినవెన్నో రాసేదాన్ని. మొదటిరోజు ముప్ఫై దాటాయి. వారం తిరిగేసరికి అయిదు, మూడు, రెండు. ఒక పొద్దున ఒక్కటీ లేదు. మర్నాడు తొమ్మిది. గూళ్ళలోంచి కొత్తవి వస్తున్నాయనుకుని మళ్ళీ నేలంతా కడిగాను. మళ్ళీ తగ్గాయి. మళ్ళీ ఒకరోజు హఠాత్తుగా పదకొండు.

రెండు వారాలు దాటిపోయాయి. సున్నం మళ్ళీ మెట్టుకి రాసుకుంటోంది. పిన్ని వాకిట్లో నిలబడి, ఈసారి వెటకారం లేకుండానే, "పోనీలే గుంటా, నువ్వు సెయ్యగలిగింది సేసినావు" అంది. ఆ జాలి నాకు వెటకారం కంటే ఎక్కువ మండింది. నోటుబుక్కు ముందేసుకుని అంకెల వంక చూస్తూ కూర్చున్నాను. పిస్సులు పెరిగిన రోజులన్నీ నాన్న లైను నుంచి వచ్చిన మర్నాళ్ళే.

నాన్న వచ్చేటప్పుడు ఏం తెస్తాడు? ఇనుప పెట్టె, జెండాలు, లాంతరు, ఎండుచేపలు. వాటితోపాటు ఒక గోనెసంచి. అది వరండా మూల పడేసేవాడు. మూడు రోజులుగా నాన్న కోసం కాచుకున్న సున్నం ఆయన వాసన ఉన్న ఆ సంచి మీద పడుకునేది. మళ్ళీ డ్యూటీకి వెళ్ళేటప్పుడు నాన్న సంచిని వెంట తీసుకుపోయేవాడు. అందుకే నేను ఇల్లంతా ఉడకబెట్టిన రోజుల్లో అది ఇంట్లో లేదు.

పిస్సులు దాగిన చోటు తెలియాలంటే తెల్ల మేజోళ్ళు వేసుకుని నిలబడమని పుస్తకంలో ఉంది. మా ఊళ్ళో తెల్ల మేజోళ్ళంటే బడి వార్షికోత్సవానికి కొన్నవే, కాగితంలో చుట్టి పెట్టెలో దాచినవి. ఈసారి నాన్న వచ్చిన సాయంత్రం, ఆయన కుర్చీలో కూర్చుని టీ తాగుతుండగా, ఆ మేజోళ్ళు తొడుక్కుని వెళ్ళి సంచి మీద నిలబడ్డాను.

"ఏటే ఆ వేషం! అవి వార్షికోత్సవం మేజోళ్ళు కావా?" అని అమ్మ అరిచింది.

నేను కదల్లేదు. మేజోళ్ళ మీద ఒక నల్లటి చుక్క వాలింది. తరవాత నాలుగు. తరవాత లెక్కపెట్టలేదు. నాన్న టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఈ సంచి దేనికి నాన్నా?"

అమ్మే చెప్పింది. "ఇంక దేనికే. లైనుకి పంపే కుక్కల్ని దాని మీదే కూకోబెడతాడు."

"బ్రేకు వ్యానులో కింద రేకు కాలిపోద్ది. కుదుపుకి నిలబడలేవు పాపం. అందుకని ఏసేవోణ్ణి" అన్నాడు నాన్న మెల్లగా. ఆ వానాకాలం మూడు కుక్కలను అలా దించాడట. మూడూ గోక్కుంటున్నాయనే పంపించినవే. మేం పంపించేసిన దురద ఆయన దయతో పరిచిన సంచిలో మళ్ళీ ఇల్లు చేరింది.

"మరి అవి కూడా గజ్జివి కావు నాన్నా" అన్నాను. అది ప్రశ్న కాదు.

ఆ సాయంత్రమే నాన్న సంచిని పెరట్లో తగలబెట్టాడు. మర్నాడు ఖాళీ బ్రేకు వ్యాను పక్క పట్టాల మీద సైడింగులో ఉండగా రెండు బకెట్ల మరిగే నీళ్ళు, చీపురు పట్టుకుని వెళ్ళాడు. వెంట నన్నూ తీసుకెళ్ళాడు. గార్డు తన బ్రేకు వ్యాను తానే కడుక్కోవడం చూసి అటు వెళ్ళే కూలీలు నిలబడిపోయారు. "ఏమైంది గార్డుసాబ్?" అని ఒకడు అడిగితే, "ఇందులో ఇక కుక్కలెక్కవు" అన్నాడు నాన్న. ఆ మాట వరసంతా పాకింది.

మూడు వారాల గడువు దాటి మరో రెండు వారాలు పట్టింది. గడువు గురించి ఎవరూ ఎత్తలేదు. వరసగా ఏడు రోజులు దువ్వెన ఖాళీగా వచ్చింది. తోక మొదట్లో వెంట్రుకలు మొలిచాయి, తెల్లగా. దుమ్ము పడి ఎర్రబడేలోపు ఒక పూట చూశాం. పిన్ని పిల్లాడి కాళ్ళు నున్నబడ్డాయి. ఆమె దడి అవతల నుంచి చేయి చాచి, "ఆ దువ్వెన ఓసారియ్యే, మా మేకపిల్ల గోక్కుంటాది" అంది. మేక సంగతి పుస్తకంలో వేరే పేజీలో ఉందని చెప్పి, ఆ సాయంత్రమే రాసుకొచ్చి ఇచ్చాను.

ఆ తరవాతి ట్రిప్పులో నాన్న ఆ చిన్న స్టేషన్లో బండి ఆగినప్పుడు దిగి వెతికాడట. మూడింటిలో రెండు అక్కడి గేటు కాపలాదారు గుడిసె దగ్గర ఉన్నాయి. ఒళ్ళంతా పుళ్ళు, కానీ బతికి ఉన్నాయి. ఆయన తన గంజిలో వాటికీ ఇంత పోస్తున్నాడు. నేను ఒక దువ్వెన, సబ్బు, కాగితం పరీక్షతో సహా హిందీలో రాసిన రెండు పేజీలు పొట్లం కట్టి నాన్నతో పంపాను. కాలిన నూనె వద్దని పెద్ద అక్షరాలతో రాశాను. రెండో ట్రిప్పుకి జవాబు వచ్చింది. ఉత్తరం కాదు. నాలుగు మడతల కాగితం, దాని మధ్య ఎండిపోయిన ఎర్రటి వలయాలు. ఎవరూ నలపలేదు.

ఇంతవరకూ సున్నం పేరు తప్ప ఎవరి పేరూ రాయలేదు. కృతజ్ఞత మాత్రం పేరు లేకుండా చెప్పకూడదు. అట్ట లేని పుస్తకం వెతికిపెట్టి, గోక్కుని అర్థం చెప్పిన సోయం ముత్తయ్య తాతకు నా నమస్కారం. కిటికీ పొడి తెచ్చి నా తప్పు నా ముఖానే చూపించిన గ్రేసమ్మ పిన్నికి, చీపురు పట్టుకు వేలాడిన ఆమె కొడుకు దానియేలుకు. శనగపిండి డబ్బా, పేల దువ్వెన అడక్కుండా ఇచ్చిన మా అమ్మ అప్పలనరసమ్మకు. తప్పు తెలిశాక ఒక్క పూట కూడా ఆగని మా నాన్న సూర్యనారాయణకు. తన గంజి పంచిన గేటు కాపలాదారు బుధ్‌రామ్‌కు. ఆయన్ని నేను ఎన్నడూ చూడలేదు.

మూడో కుక్క ఎటు పోయిందో ఆయనకూ తెలియదట. అది మా వరసలోనే ఎవరో పెంచుకున్నది. దానికీ ఒక పేరుండే ఉంటుంది. ఎక్కించేటప్పుడు నాన్న అడగలేదు, తరవాత నేనూ అడగలేదు. అందుచేత ఆ పేరు ఇక్కడ రాయలేకపోతున్నాను.